పూత రాలిన జాకెట్లు: తాడ్వాయి అడవి కోసం కుట్టిన రెయిన్‌కోట్ల కేస్ స్టడీ

2023 జూన్ రెండో వారంలో మా యూనిట్‌కు మూడు గోనె సంచులు వచ్చాయి. మూతి విప్పగానే పులిసిన పిండి వాసన గుప్పుమంది. లోపల ఉన్నవి రెండేళ్ల కిందట మేమే కుట్టి పంపిన ఆకుపచ్చ రెయిన్ జాకెట్లు. ఒకటి తీసి దులిపితే లోపలి వైపు నుంచి తెల్లటి పొట్టు, ఎండిన ఉల్లిపొర లాగా, టేబుల్ నిండా రాలింది. కొన్నింటి మడతలు జిగురుగా ఒకదానికొకటి అంటుకుని, లాగితే చప్పుడు చేస్తూ విడిపోయాయి. లెక్కపెడితే 74. మేం పంపినవి 120.

మాది వరంగల్ దేశాయిపేట వైపు 14 మెషీన్ల చిన్న కుట్టు యూనిట్. స్కూల్ యూనిఫారాలు, హాస్పిటల్ గౌన్లు, సెక్యూరిటీ వాళ్ల డ్రెస్సులు మా రోజువారీ పని. ఔట్‌డోర్ దుస్తులు, అందులోనూ రీసైకిల్డ్ బట్టతో, కుట్టాలన్నది నా సరదా. ఆ సరదా నాకు ఎంత ఖర్చు తెచ్చిందో, ఏం నేర్పిందో ఇక్కడ రాస్తున్నాను. ఈ పనిలోకి దిగాలనుకునే చిన్న యూనిట్ల వాళ్లు అడుగుతున్నారు కాబట్టి తప్పులే ఎక్కువ వివరంగా రాస్తాను.

మొదటి ఆర్డరు

తాడ్వాయి, ఏటూరునాగారం అడవుల్లో పనిచేసే ఒక చిన్న స్వచ్ఛంద సంస్థ 2021 వేసవిలో మమ్మల్ని అడిగింది. కెమెరా ట్రాప్‌లు (జంతువు కదిలితే దానంతటదే ఫొటో తీసేవి) పెట్టే కుర్రాళ్లు, వాగుల వెంట తిరిగే ట్రాకర్లు, లక్నవరం వైపు టూరిస్టులను నడిపించే గైడ్లు, అందరికీ కలిపి 120 రెయిన్ జాకెట్లు కావాలి. "ప్లాస్టిక్ ఏరే పని కూడా మా వాళ్లే చేస్తారు, కాబట్టి జాకెట్ రీసైకిల్డ్ ప్లాస్టిక్‌తో ఉంటే బాగుంటుంది" అన్నారు. రెండేళ్లకోసారి మేడారం జాతర ముగిశాక ఆ దారుల్లో మిగిలే నీళ్ల బాటిళ్లను చూసినవాళ్లకు ఈ కోరిక ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పక్కర్లేదు.

బాటిల్ బట్టగా మారడం కొత్త సంగతేం కాదు. పటగోనియా కంపెనీ 1993లోనే పెట్ బాటిళ్ల నుంచి ఫ్లీస్ అనే మెత్తటి బట్ట చేసింది. పెట్ అంటే నీళ్ల బాటిళ్ల ప్లాస్టిక్, పాలిస్టర్ కూడా అదే. పద్ధతి వింటే సులువుగానే అనిపిస్తుంది. బాటిళ్లను రంగుల వారీగా ఏరతారు, ముక్కలు చేసి కడుగుతారు, నీళ్ల తొట్టిలో వేస్తారు. పెట్ నీళ్లకంటే బరువు కాబట్టి మునుగుతుంది, మూతల ప్లాస్టిక్ తేలుతుంది. మునిగినదాన్ని ఆరబెట్టి, దాదాపు 260 డిగ్రీల దగ్గర కరిగించి, చిప్స్ చేసి, మళ్లీ కరిగించి సన్న రంధ్రాల్లోంచి దారంగా లాగుతారు. చిక్కంతా పీవీసీతో. అదీ మునుగుతుంది కాబట్టి పెట్‌లో కలిసిపోతుంది, వేడికి మొత్తం సరుకును పసుపెక్కిస్తుంది. రీసైకిల్డ్ నూలులో తెలుపు కంటే ముదురు రంగులు నమ్మకంగా దొరకడానికి ఇదీ ఒక కారణం. మాకు కావాల్సింది ముదురాకుపచ్చే, కాబట్టి ఆ బాధ లేదు.

తమాషా ఏంటంటే ఇదంతా మా ఇంటికి అరగంట దూరంలో జరుగుతోంది. గీసుగొండ, సంగెం మండలాల్లో 2017లో శంకుస్థాపన జరిగిన కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కులో గణేశా ఎకోస్ఫియర్ అనుబంధ యూనిట్లు బాటిళ్ల నుంచి చిప్స్, ఫైబర్, నూలు చేస్తున్నాయి. ప్రపంచంలోని పెద్ద ఔట్‌డోర్ బ్రాండ్లకు జాకెట్లు కుట్టే కొరియా కంపెనీ యంగ్‌వన్ కూడా అదే పార్కుకు వచ్చింది. కానీ నూలు వ్యాపారం ఎక్కడైనా టన్నుల్లో నడుస్తుంది. నాకు కావాల్సింది యాభై కిలోల లోపు బట్ట. ఊళ్లో చెరువు నిండా నీళ్లున్నా నా దగ్గరున్నది చెంబే.

అందుకని ఒక బట్టల వ్యాపారి దగ్గర రెడీగా ఉన్న సరుకు కొన్నాను. "రీసైకిల్డ్ పాలిస్టర్, లోపల పీయూ కోటింగ్, 120 జీఎస్‌ఎం, వాటర్‌ప్రూఫ్" అన్నాడు. పీయూ అంటే పాలీయురెథేన్, నీళ్లు ఆపే ప్లాస్టిక్ పూత. జీఎస్‌ఎం అంటే చదరపు మీటరు బట్ట ఎన్ని గ్రాములు తూగుతుందో ఆ లెక్క. రోల్ మీద ఆకుపచ్చ బాణాల స్టిక్కర్ ఉంది. నేను చెయ్యి పెట్టి చూశాను, నీళ్లు పోసి చూశాను, కొన్నాను. జాకెట్‌కు 2.2 మీటర్లు పట్టింది. బరువు లెక్క కడితే ఒక్కో జాకెట్‌కు సుమారు ఇరవై లీటరు బాటిళ్లు. ఆ లెక్కనే ట్యాగ్ మీద అచ్చు వేయించాను: "ఈ జాకెట్ 20 బాటిళ్లతో తయారైంది." ఈ ట్యాగ్ సంగతి మళ్లీ వస్తుంది.

జాకెట్ డిజైన్ నెట్‌లో చూసిన విదేశీ జాకెట్లకు దగ్గరగా చేశాం. ముందు జిప్, దాని మీద వెల్క్రో పట్టీ, లోపల మెష్ లైనింగ్, మణికట్టు దగ్గర ఎలాస్టిక్, నడుము దగ్గర తాడు. కుట్ల మీద టేప్ మాత్రం హైదరాబాద్‌లో జాబ్ వర్క్‌కు ఇచ్చి వేడిగాలి మెషీన్ మీద వేయించాం. అది లేకపోతే ప్రతి సూది రంధ్రం ఒక చిన్న కుళాయి. జాకెట్ రూ. 1,150 పడింది. ఫొటోల్లో చాలా బాగుంది.

మొదటి వానాకాలంలోనే వచ్చిన ఫిర్యాదు

పూత రాలడం రెండేళ్ల తర్వాతి మాట. మొదటి ఫిర్యాదు 2021 ఆగస్టులోనే వచ్చింది. నేను దాన్ని సరిగ్గా వినలేదు.

ఫోన్‌లో ఒక ట్రాకర్ అన్న మాట ఇది: "మేడం, బయట వాన కంటె లోపల్నే ఎక్కువ తడుస్తానం."

కుట్లు కారుతున్నాయేమో అనుకున్నాను. రెండు జాకెట్లు తెప్పించి కుళాయి నీళ్ల కింద పెట్టి చూస్తే ఒక్క చుక్క రాలేదు. "ఏం లేదు, బాగానే ఉన్నాయి" అని చెప్పి పంపేశాను. అది నీరు కారడం కాదు, చెమట. ఆ సంగతి నాకు తట్టడానికి నేను స్వయంగా అది వేసుకుని తాడ్వాయి దగ్గర నాలుగు కిలోమీటర్లు నడవాల్సి వచ్చింది. అరగంటకే వీపు తడిసి చొక్కా ఒంటికి అతుక్కుంది. వాన ఇంకా మొదలే కాలేదు.

మామూలు పీయూ పూత ఆవిరిని సరిగ్గా బయటకు పోనివ్వదు. మరి ఖరీదైన "బ్రీతబుల్" మెంబ్రేన్, అంటే నీళ్లు ఆపి ఆవిరిని వదిలే పొర, వాడితే? ఇక్కడ చాలామంది మోసపోతారు, అందుకే కాస్త ఆగి లెక్క చెప్తాను. చెమట ఆవిరి బట్టలోంచి బయటకు పోవాలంటే లోపలి ఆవిరి ఒత్తిడి బయటి కంటే ఎక్కువ ఉండాలి. ఆ తేడాయే దాన్ని తోస్తుంది. చెమట పట్టిన చర్మం 34 డిగ్రీల దగ్గర ఉంటే ఆవిరి ఒత్తిడి సుమారు 5.3 కిలోపాస్కల్స్. బయట 5 డిగ్రీల చలిలో వాన పడుతుంటే అది 0.8 లోపే. తేడా 4.5. అదే మన ములుగు అడవిలో శ్రావణమాసపు ముసురులో 27 డిగ్రీలు, 90 శాతం తేమ ఉంటే బయటే 3.2 ఉంటుంది. తేడా 2.1. అంటే చలి దేశంలో పనిచేసే దానిలో సగం కూడా ఇక్కడ పనిచేయదు. పైగా పైపూత తడిసి బట్ట మీద నీటి పొర నిలిస్తే ఆ సగం కూడా గాలికే. చలి కొండల కోసం చేసిన జాకెట్‌ను మన వానకు తెచ్చి తొడిగితే ఆవిరి కుడుములాగా ఉడుకుతాం. ఎంత డబ్బు పోసినా సరే.

మిగతా లోపాలు చిన్నవే కానీ రోజూ కాల్చుకుతినేవి. వెల్క్రో నిండా ఉత్తరేణి గింజలు. మెష్ లైనింగ్ నిండా గడ్డి ముళ్లు. వాటిని పీకలేక కొందరు లైనింగే కత్తిరించేశారు. కత్తిరించినచోట టేప్ లేచింది. ఎలాస్టిక్ మణికట్టు కింద చెయ్యి ఎప్పుడూ తడే. ఇవన్నీ డిజైనర్ ఏసీ గదిలో కూర్చుంటే కనిపించని సంగతులు. మాకు ఏసీ లేదు, ఫ్యాన్ ఉంది. అయినా కనిపించలేదు.

పూత ఎందుకు రాలింది

74 జాకెట్లు వాపసొచ్చాక వ్యాపారికి ఫోన్ చేస్తే "రెండేళ్లు వాడారు కదా మేడం, ఇంకేం కావాలి" అన్నాడు. వాడింది రెండు వానాకాలాలు. మిగతా పద్దెనిమిది నెలలు ఆ జాకెట్లు రేకుల గదిలో మడతపెట్టి ఉన్నాయి. నష్టం జరిగింది అడవిలో కాదు, ఆ రేకుల కిందే.

పీయూ పూతలో మన పనికి సంబంధించినంత వరకు రెండు జాతులున్నాయి. ఒకటి పాలీఎస్టర్ రకం, చవక, చేతికి మెత్తగా బాగుంటుంది. రెండోది పాలీఈథర్ రకం. మొదటి దానిలోని బంధాలను నీరు మెల్లగా తెంచుతుంది, దీన్ని హైడ్రాలసిస్ అంటారు. వేడి దానికి తోడైతే పని వేగంగా నడుస్తుంది. బంధాలు తెగేటప్పుడు పుట్టే ఆమ్లం మిగతావాటిని ఇంకా త్వరగా తెంచుతుంది. ఆ పులిసిన వాసన కూడా ఈ కుళ్లుదే. పాలీఈథర్ రకం నీటికి చాలా ఎక్కువ తట్టుకుంటుంది, ఎండకు మాత్రం కాస్త బలహీనం. సగం తడితో మడిచి, రేకుల గదిలో పెట్టి, పైన వరంగల్ మే నెల ఎండ. పాలీఎస్టర్ పీయూను చంపాలంటే ఇంతకంటే మంచి ఏర్పాటు ఉండదు.

నేను చేయాల్సిన పరీక్ష ఏంటో అప్పుడు తెలిసింది. ల్యాబుల్లో దీన్ని 70 డిగ్రీల వేడి, 95 శాతం తేమలో వారాల తరబడి ఉంచి చూస్తారు. నా దగ్గర ల్యాబ్ లేదు. మా మేడ మీద పాత బిస్కెట్ డబ్బా, అడుగున తడి తువ్వాలు, పైన జాలీ, దాని మీద బట్ట ముక్కలు, మూత బిగించి ఎండలో పెట్టడం. రోజూ సాయంత్రం నీళ్లు తడపడం మా ఇంట్లో అందరికీ ఒక డ్యూటీ అయింది. 2024 ఏప్రిల్, మే నెలల్లో ఎనిమిది వారాలు నడిపాం. పాత వ్యాపారి బట్ట కొత్త ముక్క ఐదో వారానికి గోరుతో గీకితే లేచింది. పాలీఈథర్ పూత ముక్కలు ఎనిమిది వారాలకూ కదల్లేదు. ఇది ల్యాబ్ రిపోర్టుకు సాటి రాదు, కానీ రెండు బట్టల మధ్య ఏది కొనాలో చెప్పడానికి చాలు. ఖర్చు: బిస్కెట్ డబ్బా.

నీరు ఆగుతుందా అన్న పరీక్ష కూడా ఇంట్లోనే చేసుకోవచ్చు. వాటర్‌ప్రూఫ్ బట్టకు 2000 మి.మీ., 3000 మి.మీ. అని చెప్పేది అక్షరాలా నీటి స్తంభం ఎత్తు. బట్ట మీద అంత ఎత్తు నీళ్లు నిలబెడితే మూడు చోట్ల చుక్క పుట్టేవరకు తట్టుకున్న ఎత్తు అది. మేం మూడు మీటర్ల పీవీసీ పైపును మేడ మెట్ల పక్కన నిలువుగా కట్టి, అడుగున బట్టను రబ్బరు వాషర్‌తో బిగించి, పైనుంచి చెంబుతో నీళ్లు పోశాం. రాలిన జాకెట్ బట్ట జానెడు నీళ్లకే చెమర్చింది. పిల్లలకు ఈ ఆట బాగా నచ్చింది.

ట్యాగ్ సంగతి

ఇప్పుడు రాయడానికి ఇబ్బందిగా ఉన్న భాగం. పూత కథ తేల్చుకునేటప్పుడు పాత బిల్లు తీశాను. అందులో "పాలిస్టర్ కోటెడ్ ఫ్యాబ్రిక్" అని మాత్రమే ఉంది. రీసైకిల్డ్ అన్న మాటే లేదు. స్టిక్కర్ తప్ప ఇంకే కాగితమూ లేదు.

బట్టను చూసి, ముట్టి, కాల్చి, అది పాత బాటిల్ పాలిస్టరో కొత్త పాలిస్టరో చెప్పలేం. రసాయనం ఒకటే. అందుకే గ్లోబల్ రీసైకిల్డ్ స్టాండర్డ్ లాంటివి బట్టను కాక కాగితాల గొలుసును పట్టుకుంటాయి. టెక్స్‌టైల్ ఎక్స్ఛేంజ్ సంస్థ నడిపే ఈ జీఆర్‌ఎస్‌లో సరుకు చేతులు మారిన ప్రతిసారీ ట్రాన్సాక్షన్ సర్టిఫికెట్ రావాలి. ఎంత బరువు, ఎవరి నుంచి ఎవరికి అన్నది అందులో ఉంటుంది. సరుకులో కనీసం 20 శాతం రీసైకిల్డ్ ఉంటేనే ఆ స్టాండర్డ్ కిందికి వస్తుంది, లోగో వేయాలంటే 50 శాతం ఉండాలి. నడుమ ఒక్క చెయ్యికి సర్టిఫికెట్ లేకపోయినా గొలుసు అక్కడే తెగుతుంది.

నేను ఇవేవీ అడగలేదు. 120 మంది మెడకు "20 బాటిళ్లు" అని కట్టి పంపాను. అది నిజమో అబద్ధమో ఇప్పటికీ ఎవరూ చెప్పలేరు, నాతో సహా. సంస్థ వాళ్లకు ఫోన్ చేసి ఈ విషయం చెప్పాను. కాసేపు అటువైపు మాట లేదు. తర్వాత "సరే, రెండోసారి ఏం చేస్తారో చెప్పండి" అన్నారు. 74 జాకెట్లకు సగం డబ్బు వాపసు ఇచ్చాను. ఆ ఏడాది యూనిఫారాల మీద వచ్చిన లాభంలో మంచి భాగం దాని కిందికే పోయింది.

యూరియా బస్తా

2023 జూలై 27న ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మి.మీ. వాన నమోదైంది, రాష్ట్రంలో అంతకుముందెప్పుడూ లేనంత. ఆ వారం మా జాకెట్లు లేవు, అవి నా దగ్గర సంచుల్లో ఉన్నాయి. దారులు తెరుచుకున్నాక వెళ్లి "మరి వానలో ఏం కప్పుకున్నారు" అని అడిగితే ఒక ట్రాకర్ నవ్వి యూరియా బస్తా చూపించాడు. ఒక మూలను రెండో మూలలోకి దోపితే తల మీద కొప్పెర. వీపు, భుజాలు కప్పుతుంది. ముందు భాగం, పక్కలు ఖాళీ. గాలి తిరుగుతుంది.

మన దగ్గర గొర్లకాపరులు గొంగడిని కొప్పెర వేసుకునేది సరిగ్గా ఇలాగే. గొంగడి తయారీ గురించి రాస్తూ పోతే ఇది వేరే వ్యాసం అవుతుంది, కానీ ఒక్క మాట. దక్కనీ గొర్రె ఉన్ని, చింతగింజల గంజి, మగ్గం, అంతే దాని ముడిసరుకు. ఉన్ని తన బరువులో దాదాపు మూడో వంతు తేమ పీల్చుకుని కూడా చేతికి తడిగా తగలదు. సస్టైనబుల్ ఔట్‌డోర్ దుస్తుల మీద నేను చూసిన పుస్తకాలన్నీ దీని ముందు చిన్నబోతాయి. భుజాల మీద గొంగడి పట్టీ వేద్దామని కూడా ప్రయత్నించాను. ముసురు పట్టిన నాలుగు రోజుల్లో ఆరనే లేదు, బరువు రెండింతలైంది. వదిలేశాను. ఆకారం మాత్రం తీసుకున్నాను.

మా కటింగ్ మాస్టర్ బస్తాను నేల మీద పరిచి, మడిచి, విప్పి, మళ్లీ మడిచి చాలాసేపు చూశాడు. వాళ్ల నాన్న అజాంజాహి మిల్లులో స్పిన్నింగ్‌లో చేసినాయన. బట్ట గురించి మాట్లాడేటప్పుడు ఈయన గొంతులో ఇప్పటికీ ఆ మిల్లు ఉంటుంది. "అమ్మా, దీనికి చంకల కుట్టే లేదు. చంక కుట్టు లేకపోతే కారే చోటే లేదు" అన్నాడు. రెండో డిజైన్ మొత్తం ఆ మాట మీదే నిలబడింది.

అది జాకెట్ కాదు, కేప్. భుజాల మీద కుట్టు లేకుండా ఒకే ముక్క. తల భాగానికి మాత్రమే రెండు కుట్లు, వాటికే టేప్. పక్కలకు మూడేసి ప్రెస్ బటన్లు, పెట్టుకుంటే చేతులొస్తాయి, వదిలేస్తే గాలి ఆడుతుంది. జిప్ లేదు, వెల్క్రో లేదు, లైనింగ్ లేదు. వెనక భాగం బ్యాగ్ మీదుగా పడేంత పొడుగు. ముందు భాగం మోకాలి పైకే, ఎందుకంటే వాగు దాటేటప్పుడు కాలికి అడ్డం పడకూడదు. గైడ్లు నారింజ రంగు కావాలన్నారు, టూరిస్టులకు దూరం నుంచి కనిపించాలని. ట్రాకర్లు ముదురాకుపచ్చే కావాలన్నారు, జంతువులకు కనిపించకూడదని. ఆకుపచ్చ గెలిచింది, నారింజ పట్టీ ఒకటి జేబులో పెట్టి ఇచ్చాం.

సిరిసిల్ల సాంచెల మీద

ఈసారి బట్ట రెడీగా కొనలేదు. ఒక నూలు డీలర్ దగ్గర పెద్ద ఆర్డరులో మిగిలిన 70 కిలోల 150 డెనియర్ (నూలు మందం కొలత) రీసైకిల్డ్ నూలు దొరికింది. నూలు లాగేటప్పుడే రంగు కలిపిన డోప్ డైడ్ రకం, కాబట్టి అద్దకానికి నీళ్లు అక్కర్లేదు. డీలర్ దగ్గర మిల్లు ఇచ్చిన ట్రాన్సాక్షన్ సర్టిఫికెట్ ఉంది. కాపీ చేతిలో పడ్డాకే డబ్బు ఇచ్చాను.

నేత సిరిసిల్లలో. అక్కడి సాంచెలకు, అంటే మరమగ్గాలకు, పాలిస్టర్ కొత్త కాదు, ఆ ఊరు బతికేదే దాని మీద. కానీ మాకు కావాల్సిన బట్ట వేరు. పూత నిలవాలంటే నేత బిగుతుగా ఉండాలి, అంగుళానికి పోగులు మామూలు కంటే ఎక్కువ పడాలి. సాంచెల ఆసామి (యజమాని) ముందు ఒప్పుకోలేదు. "పిక్కులు పెంచితే రోజుకు మీటర్లు తగ్గుతయి, నా కార్మికునికి కూలీ ఎట్ల పడాలె?" న్యాయమైన ప్రశ్న. మీటరు రేటు పెంచి మాట్లాడుకున్నాం. నాలుగు సాంచెల మీద 500 మీటర్లు దిగింది.

ఇక్కడ నేను ఊహించని చిక్కు రెండు చోట్ల వచ్చింది. పాత సాంచెలు 44 అంగుళాల పన్నా బట్టే ఇస్తాయి. నా మార్కర్, అంటే ముక్కలు కోయడానికి గీసుకునే పటం, 58 అంగుళాలకు గీసింది. మాస్టర్ మళ్లీ మొత్తం గీశాడు, కేప్‌కు మూడు మీటర్లు పట్టింది. నడుమ మిగిలే ముక్కలతో జేబులు, తల అంచులు తీశాం. రెండోది నూనె మరకలు. సాంచె నుంచి పడే సన్న నూనె చుక్క కంటికి కనిపించదు, కానీ ఆ చోట పూత పట్టదు. మొదటి 40 మీటర్లు శాంపిల్‌గా పూత వేయించి తెస్తే నాణెమంత మచ్చలు లేచి కనిపించాయి. మిగతాదంతా వేడినీళ్లలో ఉడికించి, కడిగి, ఆరబెట్టి అప్పుడు పంపాం. ఆ కడిగే ఖర్చు నా అంచనాలో లేనే లేదు.

పూత వేసే యూనిట్ పక్క రాష్ట్రంలో ఉంది, మొత్తం ఆర్డరు 500 మీటర్లకు తక్కువైతే తీసుకోం అన్నారు. మేం నేయించిన కొలత కూడా అందుకే అంత. పాలీఈథర్ పీయూ, పైన ఫ్లోరిన్ లేని నీటి నిరోధక ఫినిష్ అడిగాను. ఫ్లోరిన్ రసాయనాలు, పీఫాస్ అంటారు, ప్రకృతిలో చాలా కాలం నశించవు. కాలిఫోర్నియా 2025 జనవరి నుంచి చాలా రకాల దుస్తుల్లో వాటిని నిషేధించింది. ఫ్లోరిన్ లేనిదానికీ ఒక లోపముంది: నూనె, మట్టి అంటుకుంటే నీళ్లు జారడం త్వరగా ఆగిపోతుంది, ఉతికి కాస్త వేడి తగిలించాలి. అడవిలో ఇస్త్రీ పెట్టె ఎక్కడిది? ఎండలో బండ మీద వేడెక్కిన స్టీలు గిన్నెతో రుద్దమని చెప్పాను. కొందరు నిజంగానే చేశారు, కొంత పనిచేసింది. బట్ట మాత్రం పూత వల్ల ఎలాగూ నీళ్లు ఆపుతుంది, బరువెక్కుతుంది అంతే.

రెండు వానాకాలాల తర్వాత

2024 జూలై మొదటి వారంలో 150 కేప్‌లు ఇచ్చాం. ఒక్కోటి రూ. 1,480 పడింది. సంస్థ వాళ్లు ధర చూసి మొహం ముడిచారు, కానీ మొదటి జాకెట్ రెండు సీజన్లకే పోయిందన్న లెక్క వాళ్ల దగ్గరే ఉంది.

2025 నవంబరులో అన్నీ చూసి రాసుకున్నది ఇది. పూత లేచినవి సున్నా. ఇది విజయమని ఇప్పుడే అనను, మూడో వేసవి, నాలుగో వేసవి దాటాలి. ముళ్లకు చిరిగి రిపేరుకు వచ్చినవి 17, ఎక్కువగా తుమ్మముల్లు. తల దగ్గర టేప్ అంచు లేచినవి 9. ఇది మా తప్పే, కడిగిన బట్ట సరిగ్గా ఆరకముందే టేప్‌కు పంపాం. ప్రెస్ బటన్ ఊడినవి 21, ఒక్క పొర బట్ట మీద వేసినచోటల్లా ఊడాయి, రెండో పొర ముక్క కింద పెట్టినవి ఊడలేదు. పోయినవి 6. ఒకటి విత్తనాల బస్తా మీద కప్పి కనిపించింది, వాళ్లమ్మ తీసుకుందట. దాన్ని అడగలేదు.

చెమట ఫిర్యాదు పూర్తిగా పోలేదు. బటన్లన్నీ పెట్టుకుని ఎక్కుడు దారిలో నడిస్తే తడుస్తారు. అయితే ఎవరూ అలా పెట్టుకోవడం లేదు. గాలివానలో కేప్ ఎగిరి మొహాన కొడుతుందన్నది కొత్త ఫిర్యాదు. బైక్ మీద అయితే మరీ ప్రమాదం, వాడొద్దని చెప్పాం. బైక్ మీద పోయే గైడ్లకు ఇంకా పాత జాకెట్ లాంటిదే ఏదో కావాలి, దానికి నా దగ్గర జవాబు లేదు.

రిపేరు మేమే చేస్తాం, ఉచితంగా, మూడేళ్లు. అదే బట్ట ముక్కలు పది మీటర్లు దాచిపెట్టాను. ఇది పుణ్యం కోసం కాదు. ప్రపంచంలో తయారయ్యే పాలిస్టర్‌లో రీసైకిల్డ్ వాటా 2023లో 12.5 శాతం, అందులోనూ దాదాపు అంతా బాటిళ్ల నుంచి వచ్చిందే. పాత బట్ట మళ్లీ కొత్త బట్ట కావడం నామమాత్రం. బాటిల్ మళ్లీ బాటిల్ కాగలదు. అదే బాటిల్ నా కేప్ అయి, మీద పీయూ పూత పడితే దాన్ని విడదీసి మళ్లీ కరిగించేవాళ్లు లేరు, నాకు తెలిసినంత దూరంలో. కాబట్టి నేను బాటిల్‌కు చివరి మజిలీ ఇస్తున్నాను. ఆ మజిలీ రెండేళ్లా, పదేళ్లా అన్నదొక్కటే నా చేతిలో ఉంది. మొదటి జాకెట్‌లో పోయింది ఆ లెక్కే.

పాత 74 జాకెట్ల జిప్పులు, తాళ్లు, బకిళ్లు కోసి వాడుకున్నాం. పొట్టు గీకిన బట్ట ముక్కలతో కటింగ్ టేబుల్ మీద కప్పే గుడ్డలు కుట్టాం. ఇంకో సంచి నిండా మిగిలే ఉంది, మెట్ల కింద.

కొత్త ట్యాగ్ రాయడానికి నాకు రెండు రోజులు పట్టింది. నూలు వరకు సర్టిఫికెట్ ఉంది, సిరిసిల్ల ఆసామికీ నాకూ లేదు, కాబట్టి గొలుసు నేత దగ్గరే తెగింది. లోగో వేయకూడదు, జీఆర్‌ఎస్ పేరూ రాయకూడదు. బాటిళ్ల లెక్క తీసేశాను. చివరికి ఇలా రాశాను: "నూలు: రీసైకిల్డ్ పాలిస్టర్, నూలు వరకే కాగితం ఉంది. నేత: సిరిసిల్ల. పూత: కొత్త పీయూ. తడిగా మడవొద్దు, రేకుల గదిలో పెట్టొద్దు, దండెం మీద వేలాడదీయండి."

మొదటి కేప్ తొడిగి చూసిన పెద్ద ట్రాకర్ ట్యాగ్ పట్టుకుని, పెదాలు కదుపుతూ మొత్తం చదివాడు. తర్వాత నావైపు తిప్పి పట్టుకున్నాడు.

"ఇవన్ని మంచిగనే ఉన్నయ్ మేడం. చినిగితె ఎవలకు ఫోన్ జెయ్యాల్నో అది రాయలే."

రెండో అచ్చులో పైనే, అన్నింటికంటే పెద్ద అక్షరాల్లో, యూనిట్ నంబరు వేయించాం. వచ్చిన ఫోన్లలో సగం కేప్‌ల గురించే. మిగతా సగం పెళ్లికి జాకెట్లు కుడతారా అని.